గడ్డ ఒకచోట, పుట్టుక మరొకచోట

క్యాన్సర్‌కి పేరు పెట్టేటప్పుడు డాక్టర్లు ముందు చూసేది అది ఎక్కడ కనపడిందన్నది కాదు, ఎక్కడ పుట్టిందన్నది. రొమ్ములో పుట్టి ఎముకలోకి పాకితే అది ఎముక క్యాన్సర్ కాదు, ఎముకలోకి చేరిన రొమ్ము క్యాన్సరే. దానికి వాడే మందూ రొమ్ము క్యాన్సర్ మందే. పెద్ద అవయవాల్లో ఈ సంగతి చాలాసార్లు త్వరగానే తేలుతుంది. చిన్న గ్రంథుల్లో గడ్డ కనపడితే మాత్రం చిక్కు. రెప్పలోని నూనె గ్రంథి, కన్నీటి గ్రంథి, చెవి ముందున్న లాలాజల గ్రంథి, మూత్రపిండం మీద ఉండే అడ్రినల్, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ, ఇలాంటి చోట్ల పుట్టే క్యాన్సర్లు అరుదు. వేరే చోటు నుంచి పాకి అక్కడికి చేరేవీ ఉంటాయి. ఆసుపత్రి భాషలో ఒకటి ప్రైమరీ, రెండోది సెకండరీ. ఈ రెండింటినీ విడదీయడంలో ఉన్న కొన్ని విశేషాలు ఇవి. మదురై, కోయంబత్తూరు వైపు తెలుగువాళ్ళకి వీటిలో కొన్ని చాలా దగ్గరి సంగతులు.

రెప్పలో గింజ

మన పై రెప్పలో 30 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా నూనె గ్రంథులు వరసగా ఉంటాయి. కన్నీరు ఆవిరైపోకుండా దాని మీద పలచటి నూనె పొర వేసేవి ఇవే. జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ 1666లో వీటిని వివరంగా వర్ణించాడు. అందుకే మైబోమియన్ గ్రంథులన్న పేరు. ఒక గ్రంథి మూతి పూడుకుపోతే లోపలి నూనె పేరుకుని గింజలా గట్టిపడుతుంది. దాన్ని కెలేజియన్ అంటారు. వేడి కాపడానికి కొన్ని కరుగుతాయి, కరగని వాటిని చిన్న కోత పెట్టి గీకి తీసేస్తారు. ఎక్కువ మందికి కథ అక్కడితో ముగుస్తుంది.

అదే గ్రంథిలో క్యాన్సర్ పుడితే మొదట్లో అచ్చం అలాగే ఉంటుంది. నొప్పి ఉండదు. దాని పేరు సెబేషియస్ గ్రంథి కార్సినోమా. యూరప్, అమెరికాల్లో రెప్ప క్యాన్సర్లు ఎక్కువగా బేసల్ సెల్ రకానివి. ఈ నూనె గ్రంథి రకం అక్కడ చాలా అరుదు. మన దగ్గర లెక్క తారుమారు. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ప్రచురించిన రెప్ప క్యాన్సర్ల లెక్కల్లో సగానికి పైగా ఇవే. పరదేశపు పుస్తకంలో అరుదైన జబ్బు అని రాసి ఉంటుంది. అది చదివి మన పెద్దవాళ్ళ రెప్ప మీది గింజని తేలిగ్గా తీసుకోకూడదు.

అనుమానించాల్సిన గుర్తులు నాలుగు. తీసేసిన గింజ అదే చోట మళ్ళీ రావడం. గింజ ఉన్న చోట రెప్పవెంట్రుకలు రాలిపోవడం. ఒకే కన్ను నెలల తరబడి ఎర్రగా ఉండి, చుక్కల మందుకి లొంగకపోవడం. వయసు యాభై, అరవై దాటి ఉండడం. వీటిలో ఏదున్నా గీకి పారేయకుండా ముక్క పరీక్షకి పంపమని అడగాలి. అడిగితే ఏ డాక్టరూ తప్పు పట్టుకోడు.

ఈ రకానికి ఇంకో గుణం ఉంది. గడ్డగా పెరుగుతూనే, కంటి తెల్లగుడ్డు మీది పలచటి పొరలోకీ రెప్ప చర్మంలోకీ కణాలు ఒక్కొక్కటిగా చొరబడతాయి. మధ్యలో కొంత చోటు వదిలేసి అవతల మళ్ళీ మొలుస్తాయి. పై రెప్పలోనూ కింది రెప్పలోనూ ఒకేసారి కనపడితే ఒకచోట నుంచి పాకిందా, రెండు చోట్లా విడివిడిగా పుట్టిందా అన్నది చెప్పడం కష్టం. అందుకే సర్జన్లు గడ్డ ఒక్కదాన్నే కాకుండా చుట్టూ పది పన్నెండు చోట్ల చిటికెడు చిటికెడు ముక్కలు తీసి, ఏ ముక్క ఎక్కడిదో బొమ్మ గీసి గుర్తు పెట్టి పంపుతారు.

నూనె కరిగిపోతే?

ల్యాబ్‌కి వచ్చిన ముక్కని మామూలుగా ఫార్మలిన్‌లో నిలవ ఉంచి, ఆల్కహాల్, జైలీన్‌లలో ముంచి, మైనంలో పోస్తారు. ఈ ద్రావకాల్లో కొవ్వు కరిగిపోతుంది. నూనె గ్రంథి కణాన్ని పట్టించే ఆనవాలే ఆ నూనె. అది పోయాక మిగిలేవి ఖాళీ బుడగలు. అందుకే అనుమానం ఉన్నప్పుడు సర్జన్ ముందే ల్యాబ్‌కి చెప్పి, కొంత ముక్కని ఆల్కహాల్ తగలకుండా పంపుతాడు. దాన్ని గడ్డకట్టించి కోసి ఆయిల్ రెడ్ ఓ అనే రంగు వేస్తే నూనె బొట్లు ఎర్రగా తేలతాయి. ఇప్పుడు యాంటీబాడీ రంగులు వచ్చాయి కాబట్టి ప్రతిచోటా ఇలా చేయక్కర్లేదు. కానీ రోగి చీటీ మీద ‘నూనె గ్రంథి అనుమానం’ అన్న రెండు మూడు మాటలు రాసి పంపడం వల్ల జరిగే మేలు ఎప్పటికీ పాతబడదు.

చెవి ముందు బిళ్ళ

పై రెప్పలో పుట్టిన క్యాన్సర్ ముందుగా చేరేది చెవి ముందున్న లింఫ్ బిళ్ళలకి. ఆ బిళ్ళల్లో కొన్ని పెరోటిడ్ అనే లాలాజల గ్రంథి లోపలే ఉంటాయి. దీనికి కారణం పిండ దశలో ఉంది. పెరోటిడ్ చుట్టూ పొర ఆలస్యంగా ఏర్పడుతుంది, ఈలోగా బిళ్ళ కట్టే కణజాలం లోపల ఇరుక్కుపోతుంది. దవడ కింది లాలాజల గ్రంథికి పొర తొందరగా ఏర్పడడం వల్ల దాని లోపల బిళ్ళలుండవు.

దీని ఫలితం ఏమిటంటే, చెవి ముందు గడ్డ వచ్చినవాళ్ళకి అది లాలాజల గ్రంథిలోనే పుట్టి ఉండొచ్చు, తల మీదో ముఖం మీదో రెప్పలోనో పుట్టి అక్కడికి చేరి ఉండొచ్చు. ఎండ తీవ్రంగా ఉండి తెల్లటి చర్మం వాళ్ళు ఎక్కువగా ఉన్న ఆస్ట్రేలియాలో పెరోటిడ్‌లో కనపడే క్యాన్సర్లలో ఎక్కువ వంతు చర్మం నుంచి వచ్చినవే. స్క్వామస్ రకం క్యాన్సర్ పెరోటిడ్‌లోనే పుట్టిందని రాయాలంటే ముందు నెత్తి, చెవులు, రెప్పలు అన్నీ వెతికి ఎక్కడా లేదని తేల్చుకోవాలి. నాలుగేళ్ళ క్రితం రెప్ప మీద ‘చిన్న గింజ’ తీయించుకున్న సంగతి రోగి మరిచిపోతే ఆ వెతుకులాట దారి తప్పుతుంది.

కరిసల్ నేల నుంచి కంటి ఆసుపత్రి

ఇక్కడ మదురై ప్రస్తావన రావాలి. ఎట్టయాపురం దగ్గరి వడమలాపురంలో 1918 అక్టోబర్ 1న ఒక రైతు కుటుంబంలో గోవిందప్ప వెంకటస్వామి పుట్టారు. కరిసల్ అని పిలిచే ఆ నల్లరేగడి ప్రాంతంలో తెలుగు మాట్లాడే పల్లెలు ఎన్నో. రచయిత కి. రాజనారాయణన్ ఊరు ఇడైసెవల్ కూడా ఆ పక్కనే, కోవిల్‌పట్టి దగ్గర. తెలుగువాళ్ళు ఆ నేల మీద స్థిరపడిన కథనే ఆయన తమిళంలో నవలగా రాశారు. వెంకటస్వామిగారు 1944లో మద్రాసు స్టాన్లీ కళాశాలలో వైద్యం చదివి బయటికి వచ్చారు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయినా వాటితోనే కత్తి పట్టడం నేర్చుకున్నారు. సర్కారు కొలువులో 58 ఏళ్ళకి రిటైరై, 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టారు. కోయంబత్తూరు శాఖ 1997లో మొదలైంది.

లోకం అరవింద్‌ని శుక్లాల ఆపరేషన్లతోనే తలచుకుంటుంది. అక్కడ కంటిగూడు, రెప్పలు, కంటి క్యాన్సర్ల కోసం విడిగా విభాగం ఉందన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. తేని, విరుదునగర్ పల్లెల నుంచి కళ్ళద్దాల కోసం వచ్చిన పెద్దావిడ రెప్ప తిరగేసి చూసే అవకాశం అలాంటి చోటే దొరుకుతుంది. నా మటుకు నాకు శుక్లాల లెక్కలకన్నా ఈ తిరగేసి చూసే అలవాటు మీదే గౌరవం ఎక్కువ.

విత్తూ నేలా

సెకండరీలు కొన్ని చోట్లే ఎందుకు మొలుస్తాయన్న ప్రశ్నకి ఇప్పటికీ నిలబడిన జవాబు 1889 నాటిది. లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు కూడదీసి చూశాడు. నెత్తురు అన్ని అవయవాలకీ పోతుంది, కానీ కాలేయంలో సెకండరీలు ఎన్నో, ప్లీహంలో అతి కొద్ది. విత్తనం నలుమూలలా పడినా తగిన నేల మీదే మొలుస్తుందన్నాడు. ఈ ఆలోచనకి తనకంటే ముందే దారి చూపినవాడని ఆయన చెప్పిన పేరు ఎర్న్‌స్ట్ ఫుక్స్. ఫుక్స్ కంటి డాక్టర్.

పత్తి పండించిన మన కోయంబత్తూరు, కోవిల్‌పట్టి రైతులకి ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. కంబోడియా పత్తి బావి నీళ్ళు పెట్టిన కోయంబత్తూరు చేలల్లో ఏపుగా వచ్చేది. వానల మీద ఆధారపడ్డ కోవిల్‌పట్టి నల్లరేగడికి కరుంగణ్ణి పత్తే సరిపడింది.

అడ్రినల్ గ్రంథి ఒక్కొక్కటీ నాలుగైదు గ్రాములకి మించదు. అయినా ఊపిరితిత్తి, రొమ్ము, మూత్రపిండం, మెలనోమా క్యాన్సర్ల సెకండరీలకి అది బాగా అచ్చొచ్చిన నేల. అదే అడ్రినల్ పైపొరలో సొంతంగా పుట్టే క్యాన్సర్ ఏడాదికి పది లక్షల మందిలో ఒకరిద్దరికి మాత్రమే వస్తుంది. కాబట్టి క్యాన్సర్ చరిత్ర ఉన్న మనిషికి స్కాన్‌లో అడ్రినల్ గడ్డ కనపడితే ముందు సెకండరీ అనే అనుకుంటారు. అందులోనూ ఒక మినహాయింపు ఉంది. క్యాన్సర్ ఉన్నవాళ్ళకి కూడా అడ్రినల్‌లో ఏ హానీ చేయని కొవ్వు గడ్డలు ఉండొచ్చు. వాటిని సీటీ స్కాన్‌లో సాంద్రత కొలిచి గుర్తుపడతారు. ఆ కొలత పదికి లోపు ఉంటే చాలావరకు నిశ్చింతే.

సూది పెట్టే ముందు

అడ్రినల్ గడ్డలో సూది గుచ్చే ముందు నెత్తురులోనో మూత్రంలోనో మెటానెఫ్రిన్ల పరీక్ష చేసి తీరాలి. గడ్డ అడ్రినలిన్ తయారుచేసే ఫియోక్రోమోసైటోమా అయితే సూది తగలగానే అడ్రినలిన్ పొంగి, బీపీ ప్రాణం మీదకి తెచ్చేంత ఎగుస్తుంది.

ఈ ఫియోక్రోమోసైటోమాది ఇంకో విచిత్రం. ఇది చెడ్డదా, మంచిదా అన్నది మైక్రోస్కోప్‌లో కణాలు చూసి ఖాయంగా చెప్పలేరు. అలాంటి కణాలు మామూలుగా ఉండని చోట, అంటే ఎముకలోనో కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో బిళ్ళలోనో అది దొరికితేనే పాకిందని అంటారు. మెడలోనో పొట్టలోనో నరాల వెంట దొరికితే మాత్రం తొందరపడకూడదు. అక్కడ ఇదే జాతి కణాలు పుట్టుకతోనే ఉంటాయి కాబట్టి అది రెండో ప్రైమరీ కావచ్చు. ఎస్‌డీహెచ్‌డీ అనే జన్యువు చెడిన కుటుంబాల్లో మెడకి రెండు వైపులా ఇలాంటి గడ్డలు విడివిడిగా పుడతాయి. ఆ జన్యువు తండ్రి వైపు నుంచి వస్తేనే సాధారణంగా జబ్బు బయటపడుతుంది, తల్లి వైపు నుంచి వస్తే దాగి ఉంటుంది. అందుకని డాక్టరు మేనమామల గురించి అడిగి ఊరుకోకుండా బాబాయిలు, మేనత్తల ఆరోగ్యం గురించి కూడా ఆరా తీస్తాడు.

దాహం చెప్పే సంగతి

పిట్యూటరీ గ్రంథి బరువు అర గ్రాము. అందులో ముందు భాగానికి నెత్తురు ఎక్కువగా హైపోథాలమస్ మీదుగా సిరల్లోంచి వస్తుంది. వెనక భాగానికి ధమనుల నుంచి నేరుగా వస్తుంది. ఒంట్లో తిరిగే క్యాన్సర్ కణాలు, ముఖ్యంగా రొమ్ము, ఊపిరితిత్తి క్యాన్సర్లవి, అందుకే వెనక భాగంలో ఎక్కువగా దిగుతాయి. నీటిని అదుపు చేసే హార్మోను విడుదలయ్యేది అక్కడి నుంచే.

అక్కడే పుట్టే మామూలు పిట్యూటరీ గడ్డలు చాలావరకు ముందు భాగానివి. అవి దాహాన్ని పెంచడం అరుదు. షుగర్ లేదు, అయినా తీరని దాహం, రాత్రంతా మూత్రానికి లేవడం, స్కాన్‌లో పిట్యూటరీ గడ్డ, ఇవి మూడూ కలిసి వస్తే డాక్టరు దృష్టి వెంటనే రొమ్ము వైపు, ఊపిరితిత్తి వైపు మళ్ళుతుంది.

ఎముకల నిండా రంధ్రాలు, అయినా క్యాన్సర్ కాదు

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విశేషం ఇది. మనిషికి ఒళ్ళంతా ఎముకల నొప్పి. ఎక్స్‌రేలో తొడ ఎముకలో, పక్కటెముకల్లో, దవడలో రంధ్రాలు. పెట్ స్కాన్ తీస్తే అవి మెరుస్తాయి కూడా. చూసినవాళ్ళకి ఎముకల నిండా సెకండరీలే అనిపిస్తుంది. ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి.

ఆ దశలో నెత్తురులో కాల్షియం, పీటీహెచ్ అనే పారాథైరాయిడ్ హార్మోను చూస్తే కథ మారిపోవచ్చు. మెడలో థైరాయిడ్ వెనక నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. వాటిలో ఒకటి అతిగా పనిచేస్తే ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగేస్తుంది. డొల్లబడిన చోట నెత్తురు కారి, కణాలు పేరుకుని గోధుమరంగు గడ్డలు కడతాయి. వాటిని బ్రౌన్ ట్యూమర్లంటారు. ట్యూమర్ అని పేరున్నా అవి క్యాన్సర్ కావు, ఎక్కడి నుంచో పాకినవీ కావు. మెడలోని గ్రంథిని తీసేస్తే నెలల్లో రంధ్రాలు పూడుకుంటాయి. ధనిక దేశాల్లో మామూలు రక్తపరీక్షల్లోనే కాల్షియం చూసేస్తారు కాబట్టి జబ్బు సాధారణంగా ఈ దశ దాకా రాదు. మన దేశంలో ఎముకలు చెడి, మూత్రపిండాల్లో రాళ్ళు పడ్డాకే చాలామంది ఆసుపత్రి గడప తొక్కుతారు. ఎముకల్లో సెకండరీలు, ప్రైమరీ ఎక్కడో దొరకలేదు అన్న మాట వింటే, కాల్షియం పరీక్ష అయిందా అని అడగడం రోగి బంధువుల హక్కు. ఆ పరీక్షకి పెద్ద ఖర్చు కాదు.

పారాథైరాయిడ్‌లో నిజంగా క్యాన్సర్ పుట్టడం అత్యంత అరుదు. పుట్టినా, మైక్రోస్కోప్ కింద మామూలు గడ్డలాగే మోసం చేస్తుంది. పైగా గాటా-3 అనే మార్కర్ పారాథైరాయిడ్ కణాల్లోనూ రొమ్ము కణాల్లోనూ పలుకుతుంది. ఒక్క ఆ రంగు చూసి రొమ్ము నుంచి వచ్చిందని రాసేస్తే అది పొరపాటే.

రంగులు అబద్ధం చెప్పవు, సగం నిజం చెబుతాయి

కణం ఏ అవయవానిదో పసిగట్టడానికి యాంటీబాడీలతో రంగు వేస్తారు. కోలర్, మిల్‌స్టీన్ 1975లో ఒకే రకం యాంటీబాడీలను కావలసినన్ని తయారుచేసే పద్ధతి కనిపెట్టాక ఇది ల్యాబుల్లో రోజువారీ పనైంది. 1984లో వాళ్ళకి నోబెల్ వచ్చింది.

థైరాయిడ్‌లో గడ్డ ఉందనుకోండి. టీటీఎఫ్-1 రంగు పట్టింది. అది థైరాయిడ్ కావచ్చు, ఊపిరితిత్తీ కావచ్చు. ప్యాక్స్-8 పట్టింది. అది థైరాయిడ్ కావచ్చు, మూత్రపిండమూ కావచ్చు. థైరోగ్లాబ్యులిన్ పట్టిందంటే మాత్రం థైరాయిడ్‌దే. అందుకని ఒక్క రంగుతో తీర్పు చెప్పరు, నాలుగైదు కలిపి చూస్తారు. సర్జన్లు తీసే థైరాయిడ్ సెకండరీల్లో మూత్రపిండానివే ఎక్కువ. కిడ్నీ తీసేసిన పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో మెడలో గడ్డగా తేలిన కేసులున్నాయి. అప్పటికి కిడ్నీ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

థైరాయిడ్ తీసేశాక కూడా థైరాయిడ్ హార్మోను ఎక్కువగా ఉన్న ఒక రోగి గురించి సీడ్లిన్, ఆయన సహచరులు 1946లో రాశారు. ఎముకలకి పాకిన సెకండరీలే తల్లి గ్రంథి పని చేస్తూ హార్మోను తయారుచేశాయి. అయోడిన్‌ని కూడా అలాగే పీల్చుకున్నాయి. రేడియో అయోడిన్ తాగించి ఆ సెకండరీల మీదకే మందు పంపగలిగారు. పాకిన క్యాన్సర్ చాలాసార్లు పుట్టింటి గుణాన్ని పోగొట్టుకోదన్న నిజం మీదే ఈ రోజుకీ ఆ వైద్యం నడుస్తోంది.

ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చేసే పీఎస్ఎంఏ స్కాన్‌లో కన్నీటి గ్రంథులు, లాలాజల గ్రంథులు ఎప్పుడూ మెరుస్తాయి. రిపోర్టులో ఆ మాట చూసి ముఖానికి కూడా పాకిందని కంగారు పడకండి. ఆరోగ్యంగా ఉన్న గ్రంథులు కూడా ఆ స్కాన్ కోసం ఎక్కించే మందుని పీల్చుకుంటాయి.

క్రూకెన్‌బర్గ్ రెండు పేర్లు

1896లో ఫ్రీడ్రిష్ క్రూకెన్‌బర్గ్ అనే యువ జర్మన్ వైద్యుడు అండాశయంలో కొత్త రకం గడ్డ కనుగొన్నానని రాశాడు. అది అక్కడే పుట్టిందని ఆయన నమ్మకం. కొన్నేళ్ళకే, 1902లో, అవి చాలావరకు జీర్ణాశయం నుంచి పాకినవని వియన్నాలో ష్లాగెన్‌హౌఫర్ చూపించాడు. పేరు మాత్రం క్రూకెన్‌బర్గ్‌దే నిలిచింది. రెండు అండాశయాల్లోనూ ఒకేసారి గడ్డలుంటే కడుపు, పేగు ఎండోస్కోపీతో చూసే ఆచారం అలా వచ్చింది. క్రూకెన్‌బర్గ్ తరవాత కంటి వైద్యంలోకి మళ్ళాడు. నల్లగుడ్డు వెనక నిలువుగా పేరుకునే రంగుకి 1899 నుంచి ‘క్రూకెన్‌బర్గ్ స్పిండిల్’ అని పేరు. ఒకే మనిషి పేరు అటు స్త్రీ వైద్యుల నోట, ఇటు కంటి వైద్యుల నోట నలుగుతోంది.

కన్ను లోపలికి పోతే

కంటిగూట్లో గడ్డ పెరిగితే కన్ను బయటికి పొడుచుకొస్తుంది. అందరికీ తెలిసిందే. రొమ్ము నుంచి పాకిన ఒక రకం మాత్రం నారలా బిగుసుకుని కంటిని వెనక్కి లాగేస్తుంది. నడివయసు దాటిన స్త్రీకి ఒక కన్ను గుంటలోకి పోయినట్టు కనపడితే, రొమ్ము పరీక్ష కంటి డాక్టరే రాసిన సందర్భాలున్నాయి.

పసిపిల్లల్లో దెబ్బ తగలకుండానే రెండు కళ్ళ చుట్టూ కమిలినట్టు నల్లబడితే పొట్ట స్కాన్ చేస్తారు. అడ్రినల్‌లో పుట్టే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కంటిగూటికి పాకితే అలా కనపడుతుంది. ‘ఎవరో కొట్టారు’ అన్న అనుమానంతో ఇంట్లో గొడవ పడేలోపు మూత్రంలో వీఎంఏ పరీక్షకి పంపడం మేలు.

రెండు కళ్ళలోనూ రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ ఉన్న బిడ్డకి మెదడు నడుమనున్న పీనియల్ గ్రంథిలో గడ్డ కనపడితే, కంటి నుంచి పాకిందనే ఎవరైనా అనుకుంటారు. కాదు. అది అక్కడే పుట్టిన మూడో ప్రైమరీ. చేపల్లో, బల్లి జాతుల్లో పీనియల్ వెలుతురుని పసిగట్టే అవయవం. మన పీనియల్ కణాలకీ రెటినా కణాలకీ అందుకే చుట్టరికం. పుట్టుకతోనే ఆర్‌బీ1 జన్యువు చెడితే ఆ మూడు చోట్లా ముప్పే. కొద్దిమంది పిల్లల్లోనే ఇది జరుగుతుంది. అయినా కంటి వైద్యంతో పాటు మెదడు ఎమ్మారై ఎందుకు తీయిస్తారో తల్లిదండ్రులకి విడమరిచి చెప్పాల్సిన అవసరం ఉంది.

ఒకే జన్యు లోపం, ఎన్నో గ్రంథులు

కంటిగూట్లో పైన బయటి మూలన కన్నీటి గ్రంథి ఉంటుంది. అక్కడ పుట్టే అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా నరాల వెంట పాకుతుంది, అందుకే నొప్పి. లాలాజల గ్రంథుల్లో, రొమ్ములో, శ్వాసనాళపు గ్రంథుల్లో, ఆడవాళ్ళ బార్థోలిన్ గ్రంథిలో కూడా ఇదే రకం పుడుతుంది. వీటిలో చాలావాటికి ఎంవైబీ, ఎన్ఎఫ్ఐబీ అనే రెండు జన్యువులు అతుక్కోవడమే మూలమని 2009లో తేలింది. జన్యు పరీక్ష చేస్తే రకం ఖాయంగా తెలుస్తుంది. ఏ గ్రంథిదో మాత్రం తెలియదు. ఊపిరితిత్తిలో ఇది కనపడినప్పుడు పదేళ్ళ క్రితం అంగిట్లోనో కంటి మూలనో ఏమైనా తీశారా అని అడగడం తప్ప వేరే దారి లేదు. ఈ క్యాన్సర్ అంత నింపాదిగా, ఏళ్ళ తరవాత ఊపిరితిత్తికి చేరుతుంది.

బార్థోలిన్ గ్రంథి క్యాన్సర్‌కి 1897లోనే హోనాన్ నియమాలు రాశాడు. గడ్డ సరిగ్గా గ్రంథి ఉన్న చోటే ఉండాలన్నది వాటిలో ముఖ్యమైనది. వేరే ఎక్కడా ప్రైమరీ ఉండకూడదన్న నియమం తరవాత చేరింది. నలభై దాటిన స్త్రీకి అక్కడ గడ్డ వస్తే చీము గడ్డే అనుకుని ఊరుకోకుండా ముక్క పంపుతారు. మన ఇళ్ళల్లో ఆ చోటి గడ్డ గురించి కూతురికి కూడా చెప్పని తల్లులున్నారు. చెప్పండమ్మా.

మైనం ముక్క

కోయంబత్తూరు తెలుగువాళ్ళకి ఆసుపత్రుల పేర్లు పరాయివి కావు. పీళమేడులో పి.ఎస్.గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కొడుకులు ఆస్తిని ఐదు వాటాలు వేసి, ఐదోది ధర్మానికి పెట్టడంతో 1926లో పీఎస్‌జీ ధర్మసంస్థ పుట్టింది. దాని వైద్య కళాశాల 1985 నుంచి నడుస్తోంది. లక్ష్మీ మిల్స్ స్థాపించిన జి.కుప్పుస్వామి నాయుడుగారి పేరు మీద పాపనాయకన్‌పాళయంలో 1952లో ఆసుపత్రి వెలిసింది. మిల్లు సొమ్ము వైద్యంలోకి మళ్ళిన ఊరది.

అంత వైద్యం అందుబాటులో ఉన్న ఊళ్ళో కూడా రోగి చరిత్ర ఇంట్లోనే పోతోంది. ‘మా అత్తకి గర్భసంచి తీసేశారు’ అన్న మాట మిగులుతుంది. ఎందుకు తీశారో, ముక్క పరీక్షలో ఏమొచ్చిందో ఎవరికీ తెలియదు. ఆసుపత్రికి తీసుకెళ్ళిన కొడుకు డాక్టరుతో తమిళంలో చక్కగా మాట్లాడతాడు, కానీ అమ్మ పాత ఆపరేషన్ సంగతి అమ్మకీ చిన్నమ్మకీ మాత్రమే తెలుసు. వాళ్ళు మాట్లాడే తెలుగు మాట డాక్టరు గదిలోకి రాదు. గ్రంథి గడ్డ ప్రైమరీనా సెకండరీనా అన్న ప్రశ్నకి చాలాసార్లు జవాబు దొరికేది ఆ మాటలోనే. చిన్నమ్మని కూడా వెంట తీసుకెళ్ళండి.

పాత ముక్కని ల్యాబ్‌లో మైనంలో పోసి దాచి ఉంచుతారు. దాన్ని బ్లాకు అంటారు. దాన్నుంచి మూడు నాలుగు మైక్రాన్ల మందాన పొర కోసి గాజు పలక మీద పరుస్తారు. ఎన్నో ఏళ్ళ తరవాత కూడా అదే బ్లాకు నుంచి మళ్ళీ పొర కోసి, ఆనాటికి లేని కొత్త రంగులు వేసి, ఇప్పటి గడ్డతో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. రెండూ ఒకే తీరుగా ఉంటే సెకండరీ. తీరే వేరైతే కొత్త ప్రైమరీ. అప్పుడు వైద్యమూ వేరే, కొన్నిసార్లు ఆశ కూడా వేరే. అసలు లోపల ఎక్కడ పుట్టిందో దొరకకుండానే మిగిలిపోయే క్యాన్సర్లు మొత్తంలో నూటికి మూడు నుంచి ఐదు దాకా ఉంటాయి. ఆ గుంపులో మనవాళ్ళు అనవసరంగా చేరకుండా ఉండాలంటే పాత బ్లాకు చేతికి రావాలి.

ఆసుపత్రి మారేటప్పుడు రిపోర్టు నకలు ఒక్కటీ చాలదు. బ్లాకులు, పలకలు, యాంటీబాడీ రంగులు వేసిన పలకలు అన్నీ అడగాలి. రోగి పేరుతో ఒక అర్జీ రాసి సంతకం చేస్తే సాధారణంగా ఇస్తారు. తీసుకున్న నంబర్లు కాగితం మీద రాయించుకోండి, పని అయ్యాక తిరిగి ఇవ్వండి. పలకల్ని గుడ్డలో చుట్టి పగలకుండా పెట్టుకోవాలి. బ్లాకులోని మైనం 56 నుంచి 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మదురై ఎండలో నిలబెట్టిన కారు లోపల ఆ వేడి వస్తుంది. సంచిని బండిలో వదలకుండా చేత్తోనే పట్టుకుని దిగండి.